నూకయ్య చదవని ఐదో పేజీ

ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలో నూకయ్య బాబాయిది మా పక్క క్వార్టరే. యార్డులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. మా కాలనీలో ఇంటింటా తెలుగే గానీ, చదువులు హిందీలోనో బెంగాలీలోనో కావడంతో తెలుగు అక్షరం వచ్చినవాళ్లు చాలా తక్కువ. నేనూ నలభై దాటాకే నేర్చుకున్నాను. టెక్కలి దగ్గర ఐదో తరగతి చదివి వచ్చిన నూకయ్య బాబాయే అప్పట్లో మాకు పండితుడు. విశాఖ నుంచి రైల్లో ఒకరోజు ఆలస్యంగా దిగే పేపరు ఆయన చదివితేనే మాకు వార్త.

ఆయన దగ్గరికి ప్రతి ఆదివారం మధ్యాహ్నం సింహాచలమ్మ వచ్చేది. అక్క వరస పెట్టి 'అప్పా' అని పిలిచేవాడు ఆమెను. ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఒక్కతే అద్దెకుంటోంది. డెబ్బై దాటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పద్దెనిమిదేళ్ల నాటి ఒకే ఒక్క పేపరు. ఐదో పేజీలో కింద ఆమె కొడుకు హరిబాబు ఫొటో, దాని పక్కన నాలుగు లైన్లు. హరిబాబు, నూకయ్య బాబాయి యార్డులో జోడీగా పనిచేసేవారు. ఒకనాడు హరిబాబు వ్యాగన్ కింద ఉండగా బండి కదిలింది. ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు.

బండి కింద దూరే ముందు పట్టాల మధ్య ఎర్రజెండా పాతాలి. అది ఉన్నంతసేపు ఏ ఇంజనూ ఆ బండి జోలికి రాదు. హరిబాబు జెండా పెట్టకుండా దూరాడని కాలనీ అంతా అనుకుంది. "జెండా పెట్టనోడి తల్లి" అని ఈమె వెనకాల అన్నవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. ఆ మాట పడలేకే సింహాచలమ్మ కాలనీ వదిలి వెళ్లిపోయింది. పేపర్లో కూడా అలాగే రాశారా, వేరేగా రాశారా? ఆమెకు కావలసింది అదొక్కటే. చదివితే ఆనాడు కొడుకు పక్కనున్న నూకయ్యే చదవాలి, ఇంకొకరు చదివితే నమ్మనని పట్టు.

బాబాయి మొదటి పేజీ తెరిచేవాడు. ఐదో పేజీకి మాత్రం వచ్చేవాడు కాదు.

"పలాస దగ్గర జీడిపప్పు లారీ బోల్తా" అని చదివి, కళ్లజోడు పైకి తోసేవాడు. "తర్వాతేటయిందో ఎరుగుదువా అప్పా? ఆ ఊళ్లో మూణ్ణెల్లు పులుసులోకీ జీడిపప్పే. కాకులు ఉత్తన్నం పెడితే ముట్టడం మానేసినాయి. ఉప్మాలో పల్లీలేసినారని పెళ్లోరు పీటల మీంచి లెగిసిపోయినారు."

"ఉపాధ్యాయుల సమ్మె" అనేవాడు. "వారం రోజులు పిల్లలకి పండగే. ఎనిమిదోనాటికి ఇళ్లల్లో అమ్మలు పేడకళ్లు ఎత్తించినారు. దాంతో పిల్లలే జెండాలు పట్టుకుని, మా మాస్టార్లని మాకిచ్చేయండని ఊరేగినారు."

మంత్రి శంకుస్థాపన చేసిన వంతెన కథ మరీ దారుణం. పదేళ్లయినా లేవని వంతెన కోసం చూసి చూసి విసిగిపోయిన ఏరు, పక్క మండలానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందట. వరండాలో అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. సింహాచలమ్మ కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వులోనే పొద్దు వాలేది, పేపరు కవర్లోకి వెళ్లిపోయేది. ప్రతివారం కథ మారేది, హెడ్డింగులు మాత్రం అవే. నాకు ఒళ్లు మండేది. ముసలామెను ఇన్నేళ్లు తిప్పుకుంటావా, నాలుగు లైన్లు చదివి పారేయడానికి నీకేం రోగం అని ఒకసారి మొహం మీదే అడిగాను.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం పేపరు తెరవగానే మడత దగ్గర రెండు ముక్కలైంది.

సింహాచలమ్మ నవ్వలేదు. "ఒరే నూకయ్యా, ఇది నాకన్నా ముందు పోయేలాగుంది. ఇయ్యాల లారీలొద్దు, ఏర్లొద్దు. ఐదో పేజీ సదువు" అంది.

బాబాయి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఉన్నదున్నట్టు చదివాడు. "ఖరగ్‌పూర్‌లో ఫిట్టర్ దుర్మరణం. ఎర్రజెండా పెట్టకుండా వ్యాగన్ కిందికి వెళ్లడమే ప్రమాదానికి కారణమని తెలిసింది."

ఆమె తల వాలిపోయింది. "అంతేనా?" అంది.

"ఇంకా ఉందప్పా" అన్నాడు బాబాయి. కాగితం మీంచి కళ్లు ఎత్తకుండా అదే గొంతుతో, అదే పేపరు భాషలో చదువుతూ పోయాడు. "జెండా హరిబాబే పెట్టాడు. టీ సైరన్ మోగగానే ఇద్దరూ బయటికి వచ్చారు. స్పానర్ మరిచిపోయి హరిబాబు మళ్లీ కిందికి వెళ్లాడు. అతను టీకి వెళ్లిపోయాడనుకుని తోటి ఫిట్టర్ నూకయ్య ఆ జెండా పీకేశాడు. విచారణలో నోరు విప్పలేదు."

నాకు అప్పటికి నాలుగు అక్షరాలు వచ్చు. వంగి చూశాను. ఫొటో పక్కన నాలుగు లైన్లే ఉన్నాయి.

"అది పేపర్లో ఏసినారా, నువ్వు కలుపుతున్నావా?" అంది సింహాచలమ్మ.

"నానే కలిపినానప్పా. ఇన్నాళ్లూ కలిపినయ్యన్నీ అబద్ధాలు. ఇదొక్కటీ నిజం."

ఆమె ఆయన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, మీద పడి కొడుతుందనుకున్నాను. కొట్టినా నేను ఆపేదాన్ని కాదు. ఆయన మీద అంత కోపం వచ్చింది, అంత జాలీ వేసింది.

"పీకే ముందు వంగి పిలిసినావురా?" అని అడిగింది.

"నేదప్పా."

"ఒక్కపాలి పిలిస్తే పలికీవోడు నా కొడుకు" అంది.

చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. కవరు గానీ, పేపరు గానీ తీసుకోలేదు. వాన సన్నగా పడుతూనే ఉంది. వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరికి నేరుగా నడిచింది. పద్దెనిమిదేళ్లలో ఆ వైపు వెళ్లడం అదే మొదలు. అక్కడ మా అమ్మ కూడా ఉంది. ఆమె ముందే ఆగింది సింహాచలమ్మ.

"మావోడు జెండా పెట్టినాడు, పోలమ్మా" అంది.