బొట్టు వైపు తొమ్మిది అంగుళాలు

మార్కాపురం పలకల కార్ఖానాలో చట్రాల సెక్షన్‌కు నన్ను యాక్టింగ్ మేస్త్రీగా వేసింది రెండో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక జూన్ నెలలో. యాక్టింగ్ అంటే పని మొత్తం చేయాలి, ఉద్యోగం మాత్రం ఖాయం కాదు. మొదటి ఆర్డరు ఒక పని బల్ల. అది నచ్చితే పర్మనెంటు చేస్తామనీ, లేకపోతే మా ఊరు హనుమంతునిపాడుకు బస్సు ఎక్కవచ్చనీ మేనేజరుగారు మర్యాదగానే చెప్పారు.

పలక చుట్టూ ఉండే చెక్క చట్రానికి సన్నని పుల్లలను చిత్రిక పట్టే బల్ల అది. పైన పక్కపక్కనే రెండు టేకు చెక్కలు. వాటి అడుగున అడ్డంగా గాడులు తీసి, కాళ్ల మీది అడ్డపట్టెలను అందులో కూర్చోబెట్టి బోల్టులు బిగించాలి. ఒక గాడి ఈ చివర నుంచి తొమ్మిది అంగుళాల దూరంలో, రెండో గాడి ఆ చివర నుంచి పదిహేను అంగుళాల దూరంలో ఉండాలి. ఎక్కువ వదిలినవైపు చెక్కను బిగించి పట్టే వైసు వస్తుంది. ముందు చెక్క అంచున నాలుగు బెజ్జాలు వేసి కొయ్య మేకులు దిగ్గొడితే, పుల్ల జారకుండా ఆగుతుంది.

నాకు తోడు వీరాచారి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి. మిషన్ బడిలో వడ్రంగం పాసైనందుకు ఆయన నన్ను “సర్టిఫికెట్టు అల్లుడా” అనేవాడు. ముందు చెక్క నాది, వెనక చెక్క ఆయనది. షెడ్డులో చెరో మూలా కూర్చున్నాం. రెండు రోజులు పోటీపడి గాడులు తీశాం, బర్మాతో బెజ్జాలు వేశాం. నా గాడి నూలు పట్టినట్టు వచ్చిందని నాకు ఒకటే పొంగు.

మూడో రోజు చెక్కలను కాళ్ల మీద పెట్టాం. నా గాడికీ ఆయన గాడికీ ఆరంగుళాల తేడా! అడ్డపట్టె ఒకదాంట్లో దిగితే రెండోదాంట్లో దిగదు.

“తొమ్మిది ఎక్కడ్నుంచి కొలిచినావు?” అన్నాడాయన.

“ఎడమ నుంచి. బడిలో అట్లనే నేర్పినారు.”

“ఎడమేంది అల్లుడా! బొట్టు తూర్పు చివర పెట్టినా గదా. కొలత బొట్టు కాడ్నుంచే. మా నాయన కాలం నుంచి అంతే.”

నిజమే, ఆయన చెక్కకు తూర్పు చివర కుంకుమ బొట్టు ఉంది. నా చెక్కకూ పెడతానంటే మాకు ఆ ఆచారం లేదని వద్దన్నది నేనే. నా ఎడమేమో పడమర అయింది. గిద్దలూరు నుంచి ఆ టేకు తెప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకో చెక్క దొరికే మాటే లేదు. మరునాడు మేనేజరు చూస్తారు. నిజంగా భయపడ్డాను.

“నీ చెక్క తిప్పి పెట్టు” అన్నాడు వీరాచారి. అటు చివర ఇటు తిప్పితే గాడులు కలిశాయి, బోల్టులు హాయిగా దిగాయి. కానీ అంచున ఉండాల్సిన మేకుల వరుస బల్ల నడిమికి వచ్చింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆయన తీరిగ్గా అటువైపు నిలబడి, ఒక పుల్లను నడిమి మేకుకు ఆనించి చిత్రిక పట్టాడు. “చూస్తావేంది, నువ్వూ పట్టు” అన్నాడు. ఇటునుంచి నేనూ ఒక పుల్ల ఆనించాను. ఇద్దరికీ చోటు సరిపోయింది.

మరునాడు మేనేజరు డ్రాయింగునూ బల్లనూ మార్చి మార్చి చూసి, మేకులు నడుమ ఎందుకున్నాయని అడిగారు. ఇద్దరు పనిచేయడానికేనని వీరాచారి ఠక్కున అందుకున్నాడు. నాకు నోరు ఆగలేదు. తప్పు కొలిచామనీ, దాన్ని ఇట్ల సర్దామనీ చెప్పేశాను. వీరాచారి నన్ను నమిలి మింగేట్టు చూశాడు. మేనేజరు ఇద్దరు పనివాళ్లను అటూ ఇటూ నిలబెట్టి గంటసేపు పని చేయించారు. వెళ్తూ వెళ్తూ, ఇలాంటివే ఇంకో రెండు కావాలి, ఈసారి కావాలనే చేయండి అన్నారు.

వారం తర్వాత పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే: రెండు చెక్కలు కలవాలంటే కొలత సరిగ్గా ఉంటే చాలదు, ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరూ ముందే అనుకోవాలి. రెండో బల్ల మొదలుపెట్టిన రోజు నా చెక్క ఆయన ముందు పెట్టి, “బొట్టు పెట్టు మామా” అన్నాను.

“ఏ చివర?” అన్నాడు వీరాచారి.