పచ్చ చుక్క

నేను పుట్టు పిరికిని. పాలు పొంగితేనే ఉలిక్కిపడేదాన్ని. అలాంటిదాన్ని శ్రీకాకుళంలో మా కిరాణా కొట్టు మీద గదిలో కూర్చుని, పదో తరగతి లెక్కలకు ఓ ఆన్‌లైన్ బడి పెట్టాను. పాఠాల సాఫ్ట్‌వేరు ఉచితం, సైటుకు చోటు ఉచితం, వీడియోలు దాచుకునే చోటూ ఉచితమే. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగేట్టున్నావని మా ఆయన వెక్కిరించేవాడు. ఒక్కటే మెలిక. సైటును రోజుకు ఇన్నిసార్లే తెరవాలని వాటా ఉండేది. అది దాటితే మర్నాటిదాకా మూత పడేది.

చదివేవాళ్లలో ఒక పిల్లది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు. లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చుంది. నెట్ ఉన్న ఫోను వాళ్ల నాన్నది ఒక్కటే. ఆయన వేటకెళ్తే అదీ ప్లాస్టిక్ కవరు చుట్టుకుని సముద్రం మీదికెళ్లేది. తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ అందగానే, తెరిచి ఉంచిన పాఠం పేజీ తనంతట తానే లోడయ్యేది. నా తెర మీద ఆ పిల్ల పేరు పక్కన పచ్చ చుక్క వెలిగేది. పడవ వచ్చిందన్నమాట అనుకునేదాన్ని.

ఒకసారి గాలి తిరిగింది. తక్కిన పడవలన్నీ వచ్చాయి, ఆ పిల్ల నాన్నది ఒక్కటి రాలేదు. మర్నాడు పొద్దున్నే తల్లీ పిల్లా ఆటోలో మా ఇంటికొచ్చేశారు. ఫోను చేస్తే పలకడం లేదట. తల్లి కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"మేడమూ, మా ఆయన ఒడ్డు కాడికొస్తే నీ పెట్లో దీపం ఎలుగుతాదంట గదా. సూడమ్మా," అంది.

గ్యాస్ కట్టానో లేదో పదిసార్లు చూసుకునే మనిషిని, ఇంకో సంసారానికి నేను కాపలానా? చుక్క బూడిదరంగులోనే ఉంది. మళ్లీ చూడాలంటే పేజీ మళ్లీ తెరవాలి. తెరిచినప్పుడల్లా వాటా తరుగుతుంది. ఆసరికే సంగతి తెలిసి తోటి పిల్లలంతా ఆత్రంగా అదే పని చేస్తున్నారు. ఎవరూ సైటు తెరవొద్దని ఫోన్లు చేసి బతిమాలాను, ఒకమ్మాయిని తిట్టాను కూడా. తెరవకపోతే కబురు తెలీదు, తెరిస్తే సైటే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి తెర వంక చూడటం లేదు, నా మొహం వంకే చూస్తోంది. ఆ చూపుకి నాకు ఇంకా భయమేసింది.

మధ్యాహ్నం దాటాక తెగించి తెరిచాను. చుక్క పచ్చగా ఉంది. పిల్ల కేక పెట్టింది గానీ నాకు సంతోషం రాలేదు. పేజీ తనంతట తానే లోడవుతుంది. ఫోను బతికే ఉంది, మరి మనిషో? ఫోన్ చేస్తే కవరేజీలో లేరంది. రాసి అడుగుదామంటే ఆయనకు చదువు రాదు. పిల్లలు సందేహాలడిగే పేజీ తెరిచాను. టైపు చేయడం రానివాళ్లు మాట రికార్డు చేసి పంపే వీలుంది అందులో. ఒక మగ గొంతు వచ్చి ఉంది.

"ఒలే పిల్లా, ఇంజిను సెడిపోనాది. తెరసాప కట్టుకొని వత్తన్నాం. బేలెన్సు నేదు. మీయమ్మకి సెప్పు."

మాటలకు బేలెన్సు వేరు, నెట్ ప్యాకు వేరుగా ఉన్న రోజులవి. కూతురు నొక్కగా చూసిందే ఆయన నొక్కినట్టున్నాడు.

"సచ్చినోడు, ఏయించుకోమని మొన్నే సెప్పినాను," అంటూ తల్లి ఏడ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకోసారి వినిపించమంది. నొక్కాను. తెర తెల్లగా అయిపోయింది. ఈరోజు వాటా అయిపోయిందని ఇంగ్లీషులో ఒక్క ముక్క.

"ఏటైనాదమ్మా? మా ఆయనకేటైనాది?"

ఆయనకేం కాలేదు, ఆగింది నా సైటేనని ఎంత చెప్పినా ఆమెకెక్కలేదు. ఫోన్ చేస్తే ఈసారి స్విచ్చాఫ్. ఇప్పటిదాకా పలికిన మనిషి పలకడం లేదు, ఆమెకు తెలిసింది అంతే. వాళ్లతోపాటు ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. నిజం చెప్పొద్దూ, ఒడ్డు చేరేసరికి ఆ భయం నాకూ అంటుకుంది.

పొద్దు వాలుతుండగా పడవ కనబడింది. ఆయన నీళ్లలోకి దిగి, నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పిల్ల వెళ్లి వాటేసుకుంది. తల్లి మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"మాటాడు," అంది ఆయనతో.