హెన్రీ కట్టిన కేజ్

మౌలాలిలో నా లేత్ షెడ్డు పక్కనే హెన్రీ వెల్డింగ్ షెడ్డు. గుట్టలూ రాళ్లూ ఎక్కించే జీపులకు ముందు బంపర్లు, అడుగున మందపాటి రేకులు, బండి బోల్తా కొడితే లోపలివాళ్లు నలగకుండా కాపాడే ఇనుప గొట్టాల కేజ్‌లు చేసేవాడు. ముప్పై ఏళ్ల పని. కంపెనీ బంపరును చూస్తే "అప్పడం" అనేవాడు. పొగరు తలకెక్కిన మనిషే, కానీ పొగరుకు తగ్గ పనితనం ఉండేది.

రెండేళ్లుగా అతని కళ్లు మసకబారుతూ వచ్చాయి. ఆ సంగతి భార్య కాంతమణికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషన్ అంటే మండిపడేవాడు. అతుకు చల్లారాక కుడి అరచేత్తో తడిమి, ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ బుడగ లేచిందో చెప్పేవాడు. అతని లెక్క తప్పడం నేను చూడలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. జీపుల క్లబ్బు నడిపే హేమచంద్ర, హెన్రీ కేజ్ బిగించిన తన జీపును తీసుకెళ్లడానికి వచ్చి నా దగ్గర టీ తాగుతున్నాడు. "మా హెన్రీకి కళ్లు కనపడకపోయినా చేతికి కళ్లున్నాయండీ" అన్నాను. పొగుడుదామనే అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి నేరుగా హెన్రీ దగ్గరికి నడిచాడు.

"ఏందయ్యా, గుడ్డోడు కట్టిన కేజ్‌ల నా పానం పెట్టాల్నా? క్లబ్బుల అందరికీ చెప్తా."

ఆ మాట పాకితే హెన్రీ షెడ్డు మూతే. అతని మొహం నల్లబడింది.

"బండి బోర్లెయ్యుండ్రి సార్. లోపల నేను కూసుంట. అతుకు ఇడిస్తే నా షెడ్డుకు నేనే తాళమేస్త."

హేమచంద్ర కళ్లు మెరిశాయి. "అయితే వీడియో తీస్తం."

"నీ కండ్లు పోతే నేను దారి చూపిస్త. నీ పానం పోతే ఎవ్వరు తెచ్చిస్తరు?" అని కాంతమణి మొత్తుకుంది. హెన్రీ వినలేదు.

శనివారం పొద్దున ఊరవతల పాత క్వారీకి వెళ్లాం. హేమచంద్ర స్టీరింగ్ పట్టుకున్నాడు. హెన్రీ వెనక సీట్లో కుడివైపు కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. చేతులు లోపల ఉంచమని అరిచాను. ఉంచలేదు. బరువు పడ్డప్పుడు అతుకు నెర్రె ఇస్తే చేతికి తెలుస్తుందట! కుడిచేయి బయటికి పెట్టి, తలుపు పైనున్న అతుకును గుప్పిట పట్టాడు. జీపు గట్టు ఎక్కి, మెల్లగా కుడివైపు ఒరిగి, రాళ్ల మీద పడింది.

హెన్రీ కేక పెట్టాడు. క్లబ్బువాళ్లు అది హుషారనుకుని ఈలలు వేశారు. బండిని లేపి చూస్తే కేజ్ వెంట్రుకవాసి కూడా వంగలేదు. చేయి పచ్చడైంది.

"అతుకు ఆగిందా, చిన్నబ్బాయన్నా?" అని నన్నడిగాడు పళ్లు కరుచుకుని.

"ఆగింది" అన్నాను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో అతని కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు.

హేమచంద్ర వీడియోలోంచి కేక తీసేసి, పాట పెట్టి, కింద హెన్రీ పేరూ ఫోన్ నంబరూ వేసి వదిలాడు. పెద్ద సాయం చేశాననుకుంటున్నాడు మహానుభావుడు.

నెల తిరగకుండానే ఫోన్లు షురూ అయ్యాయి. నిన్న నా ముందే ఒకటి వచ్చింది. హెన్రీ ఎడమచేత్తో తడుముకుంటూ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, వీడియో చూసిన. కేజ్ జెర సుత కదల్లే. నాకు గసొంటిదే కావాలె. వెల్డింగ్ మాత్రం నీ చేతిదే ఉండాలె, పనోళ్లకు ఇయ్యొద్దు."

హెన్రీ మొహం వెలిగిపోయింది. "బండి తీస్కరా తమ్మీ. నా చేత్తోనే..." అని, కట్టు కట్టిన మణికట్టు వైపు చూసుకుని ఆగిపోయాడు.

కాంతమణి ఫోను లాక్కుని కట్ చేసింది. నేను నా షెడ్డులోకి వెళ్లి, హెన్రీ ఏడుపు వినపడకుండా లేత్ ఆన్ చేసుకున్నాను.