తెల్లపట్టీ టైర్లు

వీధిలో అందరూ ఆయన్ని కారాయన అనేవారు. ఆవిడకు విడిగా పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. కారాయన భార్య, అంతే. ఆ కారులో మీరెంత దూరం ప్రయాణం చేశారని ఎవరైనా అడిగితే, షెడ్డు నుంచి గేటు దాకా, అదీ తుడవడానికి బయటికి తీసినప్పుడు, అనేది. నవ్వుతూనే అనేది. నవ్వకుండా చెబితే అడిగినవాళ్లకు ఇబ్బంది కదా.

ఆయన అచ్చాఫీసులో యంత్రాలు బాగుచేసేవాడు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఉద్యోగమంతా నిలువుకాళ్ల మీద చేసిన పని కావడంతో, రిటైరయ్యేనాటికి మోకాళ్లు ఆవిడ మాట వినడం మానేశాయి. కారు మాత్రం నిక్షేపంగా ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయన దాన్ని కొన్నప్పటికే అది ముసలిది. తలుపుల పిడులు, అద్దాలు, తోలు సీట్లు ఒక్కొక్కటీ ఎక్కడెక్కడివో వెతికి తెచ్చి, ఒళ్లు హూనం చేసుకుని, దానికి మళ్లీ ప్రాణం పోశాడు. ఎండ పడకుండా షెడ్డు, దుమ్ము పడకుండా గుడ్డ. "నా సవతికి నాకంటే మంచి గది" అనేది ఆవిడ. ఆయన ఆ మాటకు మురిసిపోయేవాడు.

అన్నిటికన్నా ఆఖరున వచ్చినవి టైర్లు. పక్కన తెల్లపట్టీ ఉన్నవి, ఆ కారు ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఎలాంటివి వేశారో అచ్చం అలాంటివి, సముద్రాలు దాటి వచ్చాయి. అవి బిగించిన రోజున ఆవిడ అక్కకు ఫోన్ చేసి గొప్పలు పోయింది.

"ఈసారి మా కారులోనే వస్తానక్కా. నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతాను."

"వస్తే అదే పదివేలు. త్వరగా రా" అంది అక్క.

అమ్మ పోయాక ఈవిడకు తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆ అక్కే. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊళ్లో ఉంటుంది. కానీ కొత్త టైర్లు కదా. ఆ దారిలో కంకర తేలింది, ఊరికే అరిగిపోతాయన్నాడు ఆయన. దారి బాగుచేశాక, వానలన్నాడు, తెల్లపట్టీ పాడవుతుందన్నాడు. ఏటా పాత కార్ల ప్రదర్శనకు కూడా దాన్ని లారీ మీద ఎక్కించుకునే పోయేవాడు. కారు లారీ మీద, ఆయన లారీ డ్రైవరు పక్కన, ఆవిడ ఇంట్లో. మోకాళ్లు పనిచేసినన్నాళ్లు ఆవిడ అక్క దగ్గరికి బస్సులో వెళ్లి వచ్చేది. తర్వాత అదీ తగ్గిపోయి, ఫోన్లే మిగిలాయి.

ఒకరోజు ఆ ఫోన్ అక్క కూతురు చేసింది.

"అమ్మకు మతిమరుపు ముదిరిపోయింది పిన్నీ. నిన్న నన్నే ఎవరమ్మా నువ్వు అంది. నిన్ను మాత్రం రోజూ తలుస్తోంది. గుర్తుపట్టే రోజుల్లోనే వచ్చి చూసి వెళ్లు."

ఆవిడ ఏడ్చింది. ఆయన కూడా కదిలిపోయాడు, కాదనడానికి లేదు. ఆదివారం బయల్దేరదామన్నాడు. గాలి చూపించడానికి కారును టైర్ల షాపుకు తీసుకెళితే, ఈవిడ కూడా వెంట వెళ్లి, అక్కడి బల్ల మీద కూర్చుంది. షాపతను గొంతుక్కూర్చుని టైరు పక్కభాగాన్ని గోటితో నొక్కి చూశాడు. గోరు దిగలేదు. చక్రం అంచు దగ్గర సన్నగా, పాత గోడ మీద సున్నం నెర్రెలిచ్చినట్టు గీతలు కనిపించాయి.

"వీటితో దూరం పోకండి సార్. రబ్బరు ఎండిపోయింది. వేడెక్కితే పేలతాయి."

"అసలు అరగనే లేదు. చూడు, కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు."

"అరగడం వేరు సార్, వయసు వేరు. ఇవి ఎప్పుడు తయారయ్యాయో ఇదిగో, ఇక్కడే అంకె వేసి ఉంది. నడిపినా నడపకపోయినా ముసలివైపోతాయి. ఈ సైజు నల్లవి ఉన్నాయి. కాసేపట్లో వేసిస్తాను."

"నల్లవా?" అన్నాడు ఆయన, తనను బట్టలిప్పి బజార్లో నిలబెడతానన్నట్టు. కారును ఎలా తెచ్చాడో అలాగే మెల్లగా ఇంటికి తోలుకొచ్చి షెడ్డులో పెట్టేశాడు.

ఆ ఆదివారం పోయింది. తెల్లపట్టీవి మళ్లీ తెప్పించాలంటే నెలలు పడుతుంది. తెప్పించాలా వద్దా అన్నదే ఆయన తేల్చుకోలేకపోయాడు. పాత కార్ల మిత్రులకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఒకాయన ఆరేళ్లు దాటితే తీసి పారెయ్యమన్నాడు. ఒకాయన పదేళ్లకు ఢోకా లేదన్నాడు. ఇంకొకాయన, గీతలు లోతుగా లేకపోతే భయం లేదన్నాడు. రోజూ పొద్దున్నే ఆయన టార్చిలైటు పట్టుకుని షెడ్డులో కూర్చుని, నిన్నటి గీతలు ఇవాళ లోతయ్యాయేమో చూసుకునేవాడు. అద్దెకారు మాట్లాడుకుందామంటే, ఇంట్లో కారు పెట్టుకుని అద్దెకారేమిటి, నలుగురూ నవ్వుతారన్నాడు. ఆ మాటకు ఈవిడా గట్టిగా ఎదురుచెప్పలేదు. అక్క దగ్గర గొప్పలు పోయింది తనే మరి.

ఒకనాడు మాత్రం ఉండబట్టలేక షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"కొత్తగా ఉన్నప్పుడు అరిగిపోతాయన్నారు. ఇప్పుడు పాతబడ్డాయి, పేలిపోతాయంటున్నారు. మధ్యలో ఒక్కరోజైనా ఇవి సరిగ్గా ఉండి ఉండాలి కదండీ. ఆ రోజేదో నాకు చెప్పి ఉంటే అక్క దగ్గరికి పోయొద్దును."

"ప్రాణాల మీదికొచ్చే విషయం. నీకు తెలియదు."

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు చెప్పినవన్నీ సాకులే, తీరా వెళ్లక తప్పని వేళకు ఆ సాకు కాస్తా నిజమై కూర్చుంది.

"నల్లవే వేయించండి, పోనీ."

"దాని అందం చెడిపోతుంది" అన్నాడు, టార్చిలైటు ఆర్పకుండానే.

ఆ మర్నాడు ఆవిడ సంచి సర్దుకుని, చెప్పకుండా బస్సెక్కింది. దారిలో ఇంకో బస్సు మారాలి. మెట్టు ఎక్కలేక కడ్డీ పట్టుకుని వేలాడితే, వెనకున్న ఎవరో పాపం లోపలికి నెట్టారు. దిగేసరికి కాళ్లు తనవి కానట్టున్నాయి. అక్క ఇంటి సందు మలుపు తిరగ్గానే గేటు దగ్గర కుర్చీలో అక్క కనిపించింది. శుభ్రంగా తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, వీధి వంక చూస్తూ కూర్చుంది. ఈవిడ గుండె కుదుటపడింది. దగ్గరికి వెళ్లి, చేయి పట్టుకుంది.

అక్క మర్యాదగా చేయి విడిపించుకుంది.

"కొంచెం పక్కకు జరగమ్మా. మా చెల్లెలు కారులో వస్తోంది. నువ్విలా అడ్డంగా నిలబడితే కారెలా లోపలికొస్తుంది?"

ఈవిడ పక్కకు జరిగి నిలబడింది. 

కూతురు పరుగున వచ్చి లోపలికి తీసుకెళ్లింది. "పోయిన నెలదాకా నీ పేరు చెబితే ఫోటోలో నిన్ను వేలుపెట్టి చూపించేది పిన్నీ" అంది. ఇంకేమీ అనలేదు, మంచి పిల్ల. ఈవిడ ఆ రాత్రి అక్క పక్కనే పడుకుని, తెల్లారాక అక్కకు తల దువ్వింది. ఎంత మెత్తగా దువ్వుతున్నావమ్మా, జీతమెంత ఇస్తున్నారని అడిగింది అక్క.

మధ్యాహ్నం ఇంటిముందు హారన్ మోగింది. కారాయన వచ్చాడు. నాలుగు చక్రాలకూ నల్లటి మామూలు టైర్లు. షాపులో అరగంట కూడా పట్టలేదట. గీతలు పడ్డ ముఖంతో దిగి, భార్య వంక చూడలేక, బానెట్టు మీద దుమ్ము తుడవబోయి మానుకున్నాడు.

అక్క ముఖం వెలిగిపోయింది. గేటు పట్టుకుని లేచి, కారు దగ్గరికి వచ్చి, ముందు తలుపు తీసి చూసింది. వెనక తలుపు తీసి చూసింది. సీటు మీద చేత్తో తడిమింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"డ్రైవరు బాబూ, మా చెల్లెల్ని ఎక్కడ దింపేశావు?"

ఆయన కారుకు అవతల నిలబడ్డ భార్య వంక చూశాడు.

"చెప్పండి" అంది ఆవిడ. "అడుగుతోంది కదా."