ఫ్రిజ్జుకు బీమా చేయించిన ఏడాది

మేడ్చల్ దాటాక కొత్తగా వేసిన ఒక కాలనీలో మేం ఇల్లు కట్టుకున్నాం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా వారికి తుర్కపల్లి వైపు ఒక మందుల ల్యాబులో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బండి సందు మొగలో హారన్ కొట్టగానే, సగం తిన్న ఇడ్లీ పళ్లెంలో వదిలేసి పరుగెత్తేవారు. తెనాలి నుంచి వచ్చిన నాకు ఆ రాళ్ల నేల, ఆ ఎండ మొదట్లో నచ్చలేదు. ఎవరినీ అడక్కుండా మన గోడకి మనం మేకు కొట్టుకోవచ్చని తెలిశాక నచ్చింది.

ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు గోడలకీ కప్పుకీ బీమా తప్పనిసరి అంది. అందులో మాకు చర్చ లేదు. చర్చంతా ఒక ఆదివారం ఏజెంటు వచ్చి చెప్పిన రెండో సంగతితో మొదలైంది.

“ఇంటికి అయిపోయింది సార్. మరి లోపటి సామాను? ఫ్రిజ్, టీవీ, బీరువా? దొంగలు పడ్డా, కరెంటుతోటి మిషిన్లు ఖరాబైనా వేరే బీమా ఉంది. మీ ఇష్టం, జబర్దస్తీ ఏం లేదు.”

తప్పనిసరి అంటే కట్టేసి ఊరుకునేవాళ్లం. మీ ఇష్టం అనేసరికి ఇద్దరికీ రెండు ఇష్టాలు వచ్చాయి.

“ఏమీ జరక్కపోతే కట్టిందంతా దండగ కదా” అన్నారు మా వారు.

“ఏదో జరిగితే బాగుణ్ణని ఎవరైనా కడతారా?” అన్నాను. ఆ ఫ్రిజ్జు నేను వరండాలో పిల్లలకి లెక్కలు చెప్పి కొనుక్కున్నది. దానిమీద నాకు కాస్త మమకారం ఎక్కువ. పైగా ఎండాకాలం సెలవల్లో ఇల్లు తాళం పెట్టి తెనాలి వెళ్లేవాళ్లం. నా దిగులంతా దొంగల గురించే.

పక్కింటావిడది దగ్గర్లోని గౌడవెల్లి. వాళ్లాయన మోటారు సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. గోడ దగ్గర నా దిగులు విని ఆమె నవ్వింది.

“గింత దానికి పరేషాన్ ఎందుకక్కా? నేనున్న గద! మీరు ఊరికి పోతే పొద్దుమాపు మీ వాకిలి ఊడ్సి లైటేస్త. నాకు బీమా గీమా ఏం కట్టకు. వచ్చేటప్పుడు మీ దిక్కు గోంగూర తొక్కు తే, చాలు.”

ఆ సాయంత్రం ట్యూబులైటు ఎప్పటిలాగే కొట్టుకుంటూ వెలుగుతుంటే మా వారు దానివైపే చాలాసేపు చూశారు. “దొంగని ఆవిడ ఆపుతుంది సరే. కరెంటుని ఎవరు ఆపుతారు?” అన్నారు. అలా దొంగల బీమా వదిలేసి, కరెంటు వస్తువులకి మాత్రం చేయించాం.

ఆ వేసవిలో, మేం ఊరికి బయల్దేరబోయే ముందు, ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. వెంటనే వడగళ్లు. వంటింట్లో బల్బు ఒక్కసారి తెల్లగా భగ్గుమని పేలిపోయింది. ఫ్యాను ఊడి వస్తుందేమో అన్నంత జోరుగా తిరిగింది. గోడ అవతలి నుంచి పక్కింటావిడ కేక.

“అక్కా! మెయిన్ బంద్ జెయ్యి! జల్దీ!”

నేను ఆపేసరికే ఫ్రిజ్జు వెనకనుంచి కాలిన వాసన వస్తోంది. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగి ఇళ్లలోకి కరెంటు ఎక్కువగా వచ్చేసిందట. మా వరసలో ఇంటికో వస్తువు పోయింది. ఆమె ఫ్రిజ్జూ పోయింది. పాపం అనుకుంటూనే, మనకి బీమా ఉందిలే అని లోపల కాస్త ధీమాగా ఉన్నాను.

ఏజెంటుకి ఫోను చేస్తే, “ఎవర్నీ ముట్టనియ్యకుండ్రి మేడం. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి జూడాలె” అన్నాడు.

మర్నాడే మేడ్చల్ నుంచి ఆవిడ పిలిపించిన మెకానిక్ వచ్చాడు. సాయంత్రానికి పక్కింటి ఫ్రిజ్జు గుర్రుమంటూ పనిచేస్తోంది. మాది మాత్రం సర్వేయరు కోసం నోరు మూసుకుని నిలబడింది. వడగళ్లకి చుట్టుపక్కల చాలాచోట్ల నష్టం జరగడంతో ఆయన ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పలేదు. ఊరి ప్రయాణం మానుకున్నాం. ఆ ఎండలకి పాలు మధ్యాహ్నానికే విరిగిపోయేవి.

“మీ పాలు ఇటియ్యరాదక్కా! నా ఫ్రిజ్‌ల మస్తు జాగా ఉంది” అంది ఆమె.

పాలతో మొదలై పెరుగు, దోసెల పిండి, మల్లెపూలు కూడా గోడ దాటాయి. తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా కూచోబెట్టేది. ఆమె దగ్గరే సర్వపిండి చెయ్యడం నేర్చుకున్నాను. మా పిల్లలు చల్లటి నీళ్లకి ఇంట్లో అడగడం మానేసి నేరుగా అక్కడికే పోయేవాళ్లు.

“బీమా ఉన్నవాళ్ల పాలు బీమా లేనివాళ్ల ఫ్రిజ్జులో!” అని మా వారు పడీపడీ నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది.

చివరికి సర్వేయరు వచ్చాడు. ఫ్రిజ్జు వెనక వంగి చూశాడు, ఎప్పుడు కొన్నదని అడిగాడు, పాతబడినందుకు కొంత తగ్గించాడు. ఆయన వెళ్లాక బాగుచేయించిన ఖర్చులో చాలావరకు వానలు మొదలయ్యాక చేతికొచ్చింది.

మరుసటి ఏడు ఏజెంటు మళ్లీ వచ్చేసరికి పక్కింటావిడ మా వరండాలోనే బియ్యం ఏరుతోంది.

“మీరు గూడ తీసుకోండ్రి అక్కా” అన్నాడతను.

“మీ సర్వేయర్ ఎప్పుడొస్తడు చెప్పు ముందుగాల.”

అతను తల గోక్కున్నాడు.

“అయితే నాకొద్దు తమ్మీ. మెకానిక్కే జల్దొస్తడు” అంది.

ఇక మా వారు కూడా వద్దంటారనే అనుకున్నాను. “మాకు రాయండి” అన్నారు. నేను ఆశ్చర్యంగా చూస్తే, “ఆలస్యమైతే అయింది. పెట్టిన ఖర్చు చాలావరకు తిరిగొచ్చింది కదా” అన్నారు. అదే వారం స్టెబిలైజరు కూడా కొన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లు కడుతూనే ఉన్నాం. ఏమీ జరగలేదు. ఏజెంటు వచ్చిన ప్రతిసారీ మా వారు “దండగేమో” అని ఒక్కమాట అనేవారు. అని, సంతకం పెట్టేవారు. ఈలోగా నేను ముగ్గురికీ టీ పెట్టేదాన్ని.