చేత కాదన్న దిశారి

నా చిన్నప్పుడు, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో, మా పిన్ని పక్కన పడుకోవడానికి నేనూ మా అక్కా పోట్లాడుకునేవాళ్ళం. పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు, పెళ్ళీడు పిల్ల. అరకులోయలో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ థింసా ఆడినా ఆమే ముందు ఉండాలి. నడుముల వెనక చేతులు గొలుసుకట్టుకుని నిలబడిన ఆడవాళ్ళందరూ ఆమె కాలు చూసే అడుగు వేసేవారు.

వలిసె చేలు పచ్చగా పూసిన కాలంలో ఆమెకు మోకాలి నొప్పి పట్టుకుంది. చేలో ఎక్కడో పడి ఉంటుందని అమ్మ ఆముదం రాసింది. నొప్పి తగ్గలేదు సరికదా, పనిలో ఉన్నప్పటికంటే పడుకున్నప్పుడే ఎక్కువ బాధ పెట్టేది. ఆమె పళ్ళు బిగపట్టి మూలగడం పక్కనున్న నాకు వినిపించేది. కొన్నాళ్ళకు మోకాలి పైన వాపు తేలింది. వేలితో నొక్కి చూశాను. దెబ్బ వాపులా మెత్తగా లేదు, రాయిలా ఉంది.

మా ఊళ్ళో మందులూ పూజలూ మంచిచెడ్డల లెక్కలూ అన్నీ దిశారే చూసేవాడు. అలాంటి పెద్దమనిషిని మా వైపు దిశారి అంటారు. అమ్మమ్మ ఒక కోడిని పట్టుకెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. ఆయన వాపు మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. పిన్నిని ఊపిరి గట్టిగా పీల్చమన్నాడు. దగ్గు వస్తోందా, చిక్కిపోయిందా అని అడిగాడు. తర్వాత కోడిని అమ్మమ్మ చేతికే తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నా వల్ల కాదు. బేగి పట్నం ఆసుపత్రికి దించండి."

అమ్మమ్మకు కోపం వచ్చింది. "కోతలవనీ, అప్పటికీ తగ్గకపోతే సూద్దాం. నువ్వే ఇలగంటే మాకు దిక్కెవరు?"

దిశారి తల వంచుకున్నాడు. "నా గుంటడికీ ఇక్కడే వచ్చింది, ఇలాగే. కోతల దాకా నేనే ఆపాను. పసర్లు కట్టాను, కోళ్ళు కోశాను. కోతలయ్యేసరికి దగ్గు పట్టుకుంది. మరింక ఏటి సేత్తాం?"

ఆయన కొడుకును కొండదేవత తీసుకుపోయిందనే ఊరంతా అనుకునేది. ఆయనా అంతవరకూ అలాగే చెప్పేవాడు. ఆ మాట విన్నాక అమ్మమ్మ డోలీ మోసే మనుషుల్ని పిలవడానికి వెళ్ళింది.

మర్నాడే పిన్నిని డోలీ కట్టి దించారు. ఆమె నా చెయ్యి వదలకపోవడంతో అమ్మ నన్నూ వెంటబెట్టుకుంది. దిశారి ఎవరూ పిలవకుండానే బయలుదేరాడు. ఘాటీ దిగి, శృంగవరపుకోటలో బండి కట్టించుకుని విశాఖపట్నం చేరాం.

అక్కడి డాక్టరుగారు కాలు చూశారు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు. ఎముకలో పుట్టిన చెడ్డ గడ్డ అన్నారు. వాపుకు పైనుంచి కాలు తీసెయ్యాలన్నారు. "ఛాతీలోకి పాకినట్టు కనబడటం లేదు. వయసులో ఉంది, ఒంట్లో బలముంది, తొందరగానే తెచ్చారు. ఇవన్నీ మంచివే. అయినా బతుకుతుందని మాటివ్వలేనమ్మా. ఈ గడ్డలు ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా నడుస్తాయి," అని అమ్మకు నెమ్మదిగా చెప్పారు.

పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. కాలు తియ్యనివ్వనంది. అమ్మ బతిమాలింది, ఏడ్చింది, లాభం లేకపోయింది. దిశారి వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"తాతా, కాలు తీసేస్తే థింసా ఎలగ ఆడతాను?" అని అడిగింది పిన్ని.

ఆయన ఏదో తియ్యని మాట చెబుతాడని నేను ఎదురు చూశాను.

"ఆడలేవమ్మా. నీకు అబద్ధం సెప్పను. బతికితే పాట ఉంటది. మా గుంటడికి ఈ మాట అడిగే యీలు కూడా నేనివ్వలేదు."

పిన్ని చాలాసేపు ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, కదలనూ లేదు. చివరికి ఆమే కళ్ళు తుడుచుకుని, "సరే అని సెప్పక్కా," అంది మా అమ్మతో.

పిన్ని బతికింది. పుండు మానాక ఊరికొచ్చి, చంకకర్ర సాయంతో నడవడం నేర్చుకుంది. థింసా ఆడేచోట డప్పుల పక్కన కూర్చుని పాట ఎత్తుకునేది. నా పిల్లల్ని ఎత్తుకుంది, తిట్టింది, పెంచింది.

నేనింకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే, ఆమెను చూసి పై ఊరివాళ్ళు తమ అమ్మాయిని, అలాంటి వాపే కనబడీ కనబడగానే పట్నం తీసుకెళ్ళారు. ఆ పిల్లకూ కాలు తీశారు. వానలు వచ్చేసరికి దగ్గు మొదలై, ఆ పిల్ల పోయింది. నాకు కోపం వచ్చింది. నేరుగా దిశారి దగ్గరికి వెళ్ళి, "బేగే తీసుకెళ్ళారు కదా, మరెందుకు పోయింది?" అని అడిగాను.

"తెలీదే గుంటా," అన్నాడు ఆయన. "బేగి ఎల్లడం ఒకటే మన సేతిలో ఉన్నాది."

అంత పెద్దమనిషి తెలియదని అంటాడని నేను అనుకోలేదు. ఇప్పుడు వైద్యం చాలా ముందుకెళ్ళిందనీ, కొందరికి కాలు తియ్యకుండానే నయం చేస్తున్నారనీ మనవరాలు చెబుతుంటే సంతోషంగా ఉంటుంది. ఏ పిల్లయినా ఎముక సలుపుతోందని పదేపదే అంటే, ఎదిగే నొప్పులేలే అని నేను తోసెయ్యను. ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా ఇంట్లోవాళ్ళ ప్రాణం తీస్తాను. జబ్బుపడినవాళ్ళు నాకు తగ్గుతుందా అని నన్ను అడిగినప్పుడు, తెలియదనే చెబుతాను. చెప్పి, అక్కడే కూర్చుంటాను.