సత్యవతి, జగదల్‌పూర్

అసూయపడి ఊరుకున్న రచయిత్రులు ఉంటారు. అసూయతో అన్నం మానేసినవాళ్ళూ ఉంటారు. అసూయను అచ్చు వేయించి, దానికి బహుమతి కూడా గెలిచి, ఆ సంగతి కట్టుకున్నవాడికి సైతం చెప్పుకోలేక దిండులో మొహం దాచుకున్నదాన్ని మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. భగవంతుడి దయవల్ల ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది కాబట్టి చెబుతున్నాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాయనమ్మ పూజగది గడప దగ్గర కూర్చోబెట్టి నేర్పిన తెలుగే నా చదువంతా. పెళ్ళై బస్తర్ అడవుల్లోని బచేలి గనుల కాలనీకి వచ్చిన తొమ్మిదేళ్ళకు, ఆ తెలుగుతోనే ఒక మాసపత్రికకు కథలు పంపడం మొదలుపెట్టాను. పదకొండేళ్ళు పంపాను. పెంపుడు పావురాల్లా పంపినవి పంపినట్టే ఇల్లు వెతుక్కుంటూ తిరిగొచ్చేవి.

ఇంతలో ముత్తమ్మ వచ్చింది. బస్తర్‌లోనే దక్షిణపు కొసన ఉన్న గొల్లపల్లి ఊరి పిల్ల. మా బజారులో జాకెట్లు కుడుతుంది. చదివింది హిందీలో. "అక్కా, మన తెలుగు అక్షరాలు నేర్పవా?" అని అడిగితే, విద్యాదానం మహాపుణ్యం కదా అని నేర్పాను. ఆర్నెల్లు తిరక్కుండా కథ రాసి నా పత్రికకే పంపింది. మొదటి దెబ్బకే అచ్చయింది. బొమ్మతో సహా!

"అక్కా, అంతా నీ పుణ్యమే!" అంటూ పత్రికా, పావుకిలో జిలేబీ పట్టుకొచ్చింది.

"నాదేముందమ్మా, అంతా ఆయన దయ" అని రాముడి పటం చూపించాను. స్వామి నా మొహం చూడలేక సీతమ్మవైపు తిరిగినట్టనిపించింది.

జిలేబీ చేదుగా ఉందంటే నమ్ముతారా? నాలుగు తిన్నాక కూడా చేదు తగ్గలేదు.

మర్నాడు పూజలో, "స్వామీ, ముత్తమ్మను పైకి తీసుకురా" అని మనసారా వేడుకున్నాను. "కాస్త నెమ్మదిగా" అని చేర్చాను.

తర్వాత ఆ కథ ముందేసుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు తప్పులు ఏరడానికి కూర్చున్నాను. దొరికింది! ఇప్పపూల కాలంలో కథలోని పిల్ల తెల్లవారుతూనే అడవికి వెళ్ళి చెట్టు కింద ఊడుస్తుందట. ఇంకేం, పత్రికకు ఉత్తరం రాయడానికి కలం అందుకున్నాను. "అడవిని ఊడ్చే స్త్రీని ఈ కథలోనే చూస్తున్నాం. కళ్ళాపి చల్లి ముగ్గు కూడా వేసిందేమో రచయిత్రి చెప్పలేదు. బస్తర్‌ను చూడనివారు బస్తర్ గురించి రాయకపోవడం మేలు." కింద సంతకం: సత్యవతి, జగదల్‌పూర్. కళ్ళ పరీక్షకని జగదల్‌పూర్ వెళ్ళినప్పుడు అక్కడే పోస్టు డబ్బాలో వేశాను, ముద్ర కూడా ఆ ఊరిదే పడాలని. ఇంత పకడ్బందీగా నా కథలు అల్లి ఉంటే ఎప్పుడో అచ్చయ్యేవి.

మరుసటి నెల 'ఉత్తమ లేఖ' బహుమతి అంటూ గడి కట్టి మరీ వేశారు. మా వారు టీ తాగుతూ పైకి చదివారు.

"విన్నావా? 'ముగ్గు కూడా వేసిందేమో!' అబ్బ, ఏం చురక! ఈ సత్యవతి ఎవరో గానీ గట్టి మనిషి."

"ఏముందండీ అందులో?"

"ఏముందంటావేంటి? ఆ భాష చూడు. నువ్వూ ఇలా రాస్తే ఎంత బావుండేది!"

పదకొండేళ్ళలో నా రాతను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు కాస్తా ఇంకొకామె ఖాతాలో పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రెండుచోట్లా గెలిచాను, పేరే నాది కాదు. ఆ పూట నుంచి ముత్తమ్మను వదిలేసి సత్యవతిమీద కుళ్ళుకోవడం మొదలుపెట్టాను.

రెండు రోజులకు ముత్తమ్మ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"ఇంక రాయనక్కా."

"అదేమిటే!"

"బస్తర్‌ను సూడనోళ్ళు రాయొద్దన్నది గదా ఆ సత్యవతి. అది మా అమ్మ ఊడ్చిన చెట్టు. అదే అబద్ధమైతే ఇంక నా దగ్గర రాయనీకి ఏమున్నది? మిషిను తొక్కుకుంట బతుకుత."

చూశారా, నేను కోరుకున్న వరమే! తీరా చేతికొచ్చేసరికి రోకలిబండంత బరువుంది.

"ఎవరో తెలియక రాసి ఉంటుందిలే తల్లీ" అన్నాను.

"అయితే జవాబు నువ్వు రాయి. నీ పేరుతోటి. భాష నీకున్నది. ముందుగాల ఈడి ఇప్పచెట్టును సూద్దువు గాని, రేపు పొద్దుగాల్నే రా."

వెళ్ళాను. కాలనీ గోడ దాటితే ఇప్పచెట్టు. కింద ఎండుటాకులన్నీ ఊడ్చేసి, నేలను మా వంటింటి గచ్చులా చేసి పెట్టారు. ఆకుల్లో పడితే రాలిన పువ్వు కనబడదట, అందుకు! నోరు తెరుచుకుని చూస్తుంటే, బుట్ట పట్టుకున్న ఒక అవ్వ అరిచింది.

"మేడమ్, ఫూల్ పే పైర్ మత్ రఖో!"

పువ్వులమీద కాలు పెట్టొద్దట! ఉలిక్కిపడి పక్కకు గెంతాను. అక్కడ ఇంకా ఎక్కువ పూలున్నాయి.

"నయీ ఆయీ హై క్యా?" అంది అవ్వ ముత్తమ్మతో. కొత్తగా వచ్చిందా అని.

"బీస్ సాల్ హో గయే" అన్నాను నేనే. ఇరవై ఏళ్ళన్నమాట వినగానే అవ్వ నావైపు చాలా జాలిగా చూసింది.

ఇంటికొచ్చి సత్యవతిని ఉతికి ఆరేశాను. "గడప దాటని పాండిత్యం" అన్నాను. "గోడ అవతల చెట్టు చూడని కళ్ళకు కథలో తప్పు మాత్రం బాగా కనబడింది" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడం ఒక పేరుతో, కడగడం ఇంకో పేరుతో చేసిన ఘనత మాత్రం నాదే. అయితే జవాబు కోసం ఆ కథను మళ్ళీ చదవాల్సివచ్చింది. ఈసారి రాళ్ళేరకుండా చదివాను. చివరికొచ్చేసరికి కళ్ళజోడు తడిసింది. మంచి కథండీ. దేవుడి సాక్షిగా చాలా మంచి కథ.

జవాబు అచ్చయింది. నా పేరుతో! మా వారు రెండుసార్లు చదివారు. "బాగానే ఉంది" అన్నారు. "కానీ సత్యవతి రాతలో ఉన్న పదును లేదు."

ఇక ఈ పాపం మోయలేక ముత్తమ్మ దుకాణానికి పరుగెత్తాను.

"ముత్తమ్మా, ఒక మాట చెప్పాలి. ఆ సత్యవతి..."

"నువ్వే గదక్కా" అంది, దారం పంటితో తెంపుతూ.

స్టూలుమీద కూలబడ్డాను. "ఎప్పుడు తెలిసింది?"

"సదివిన్నాడే. ఇప్పచెట్టు కింద ఊడుస్తరా అని జగదల్‌పూర్ల పసిపోరి కూడ అడగదు. ఇన్నేండ్లు ఈడుండి తెల్వనిది నువ్వొక్కదానివే."

"మరి రాయనన్నావు?"

"అట్లనకపోతే నువ్వు జవాబు రాద్దువా? పదకొండేండ్ల సంది మొక్కుతున్నవ్. నీ పేరు అచ్చుల సూడాలె గదా."

నాకు కన్నీళ్ళాగలేదు. "నామీద కోపం రాలేదటే?"

"ఎందుకు రాలే? మస్తు వచ్చింది. మొన్న ఇచ్చిన నీ జాకెట్లు మూడూ అందుకే బిగుతుగ కుట్టిన."

ఆ జాకెట్లు పట్టక, లావైపోయానని నేను రెండు వారాలుగా ఒంటిపూట భోజనం చేస్తున్నాను! అది మూడు ఏకాదశుల పుణ్యానికి సమానమని కూడా లెక్క వేసుకున్నాను.

మర్నాడు పటం ముందు చెంపలేసుకుని ప్రమాణం చేశాను. "స్వామీ, ఇకమీదట ఎవరిమీద అసూయపడినా సొంత పేరుతో, సొంత చిరునామాతో, పిన్‌కోడుతో సహా పడతాను. నా జాకెట్లు కుట్టే మనిషిమీద మాత్రం, ప్రాణం పోయినా పడను."